కోడికీ గుమ్మడికాయకీ మధ్య గోవా గది

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనిషి చేతికి ఏది వచ్చినా, జీతమైనా జొన్నలైనా, అందులో దేవుని వంతు ముందే కలిసి ఉంటుందని. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది కానీ, అప్పట్లో దానికి తొందర ఎక్కువ. మా ఇంట్లో కోడి మొదటి గుడ్డు పెట్టిందంటే అది మందిరానికి పోవలసిందే. వేడి ఆరకముందే దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని నేను పరుగెత్తేవాణ్ణి. (ఒకసారి దారిలో తట్టుకుని పడితే, మా అమ్మ నా మోకాలు చూడకముందు గుడ్డు సంగతి అడిగింది.) అలా పెరిగినవాడికి గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీలో ఉద్యోగం దొరికి, ఆ కంపెనీ మీటింగుల పేరుతో తరచూ హైదరాబాదు పిలిచి పెద్ద హోటల్లో పడుకోబెడితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా.

హోటల్లో దిగిన మొదటిసారే కౌంటరులో ఉన్న అమ్మాయి నా ఫోన్ నంబరు అడిగి, నన్ను దేనిలోనో సభ్యుణ్ణి చేసింది. సభ్యత్వం అంటే నాకు తెలిసింది సంఘ సభ్యత్వమే కాబట్టి, బాప్తిస్మం గురించి అడుగుతుందేమోనని కాసేపు చూశాను. అడగలేదు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఫోనులో ఏవో అంకెలు పెరుగుతూ వచ్చాయి. ఒక ఎండాకాలం, వానాకాలం ముగిసేలోపు వాడుకోకపోతే అవి చెల్లవని మెసేజీ వచ్చింది. మా మేనేజరుకు చూపించాను. ఆయన వనపర్తి మనిషి, నవ్వు ఆపుకోవడం రాదు.

"అరే, గవి పాయింట్లురా! గవి పెట్టి ఫ్రీగ రూములు తీసుకోవచ్చు."

"ఎందుకిస్తరు సార్ ఫ్రీగ?"

"నువ్వు ఆళ్ళ హోటల్ల పండుకున్నందుకు."

"పండుకున్నది కంపెనీ పైసలతోని గద సార్?"

"పైసలు కంపెనీవి. నిద్ర నీది. గా నిద్రకే ఇస్తుండ్రు."

నా జీవితంలో పొలం లేకుండా, చెమట లేకుండా, గురక పెట్టి పండించిన మొదటి పంట అది. మేనేజరే ఫోను తీసుకుని వెతికిపెట్టాడు. ఆ హోటలు వాళ్ళవే ఊరూరా ఉన్నాయట. అన్నిచోట్లా నా పాయింట్లు ఒక పూటకు కూడా చాలవు కానీ, గోవాలో ఒక్కచోట మాత్రం, వానల రోజుల్లో రెండు గదులు రెండు రాత్రులకు వస్తాయని తేలింది. అంత పెద్ద హోటలు అంత చవకగా ఎందుకిస్తున్నారని నేను అడగలేదు. ఫోటోలో ఒక హాలు, రంగురంగుల దీపాలు, మధ్యలో అంకెలు రాసిన ఒక చక్రం కనిపించాయి. పిల్లలు ఆడుకోవడానికి జాతరలో రంగులరాట్నం లాంటిదేదో పెట్టారు, మంచి హోటలే అనుకున్నాను.

ఇక నా మనస్సాక్షి పని మొదలైంది. పాయింట్లలో దశమ భాగం ఇవ్వాలి కదా, ఎలా? రాత్రిలో పదో వంతంటే, ఎవరినైనా తీసుకుపోయి గదిలో కాసేపు కూర్చోబెట్టి లేపాలి. అది మర్యాద కాదు. మా సంఘ పెద్దను అడిగాను. ఆయన్ని అందరూ వాక్యం పెద్దయ్య అనేవారు. బోరు ఎండినా, బర్రె ఈనినా ఆయన దగ్గర దానికి తగిన వాక్యం ఉండేది.

"నీకు గీ పాయింట్లు రావుడు మొదటిసారేనా?" అన్నాడు.

"మొదటిసారే పెద్దయ్యా."

"అయితే పదో వంతు లెక్కేంది? ఇవి ప్రథమ ఫలాలు. మొత్తం ఇయ్యాలె. ఎల్లుండి కోతపండుగకు పట్టుకరా."

మా ఊరు ఇటిక్యాల అవతల, నాలుగు మిరప చేలు దాటితే వస్తుంది. యాసంగి పల్లికాయ ఇంటికి వచ్చాక మా మందిరంలో కోతపండుగ చేస్తారు. కూలికి పోయేవాళ్ళే ఎక్కువ కాబట్టి కానుకలు నోట్ల రూపంలో తక్కువ, కోడి, గంప, కాయ రూపంలో ఎక్కువ. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి, పాడుకున్నది ఇంటికి. ఎవరి కోడిని వాళ్ళే పాడుకుని తిరిగి తెచ్చుకోవడం కూడా ఉండేది. బల్ల మీద వస్తువు కనిపించకుండా వేలం వేయడం పద్ధతి కాదని పెద్దయ్య పట్టుబట్టాడు. పాయింట్లను బల్ల మీద ఎలా పెట్టాలి? చివరికి, హైదరాబాదు హోటల్లో ఇవ్వడం మరిచిపోయి జేబులో వేసుకొచ్చిన గది తలుపు కార్డు ఒకటి ఉంటే, దాన్ని గుర్తుగా పెట్టాను. కాళ్ళు కట్టిన కోడికీ, బూడిద గుమ్మడికాయకీ మధ్య, తెల్లగా, సన్నగా, చాలా ఒంటరిగా కనిపించింది. కోడి దాన్ని రెండుసార్లు పొడిచి చూసి వదిలేసింది.

"ఇగో, తమ్ముని ప్రథమ ఫలం!" అని పెద్దయ్య కార్డు మీది హోటలు పేరు చదివి, ఎత్తి చూపాడు. "గోవల, ఏసీ గదులు, రెండు రాత్రులు! ఎవరు పాడుతరు?"

 ముందుగా ఒక ముసలమ్మ అడిగింది. "గా రూము ఈడికి తెస్తరా, మనమే పోవాల్నా?"

"మనమే పోవాలె."

"కోడయితే మనింటికొస్తది గదా," అని ఆమె కోడి వైపు తిరిగింది.

ఒక్క ట్రాక్టరు మామ మాత్రం హుషారుగా లేచాడు. ఊళ్ళో ట్రాక్టరు ఉన్నది ఆయనకే, అందుకే ఆ పేరు. ఆయన పాడాడు. ఆయన మీద ఇంకెవరూ పాడరనుకుంటుండగా మా చిన్నమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గొంతెత్తింది. చిన్నమ్మ పత్తి చేలలో క్రాసింగ్ పనికి ఆడవాళ్ళను తోలుకుపోయే మేస్త్రీ. పూల పుప్పొడిని చేత్తో అద్దే ఆ పనిలో పొద్దంతా వంగి ఉండే ఆడవాళ్ళకు ఆమె మాటంటే మాటే. ఆమె వెనక ఒక్కొక్కరే కొంగు ముడి విప్పుతున్నారు. మామ పెంచితే వీళ్ళు పెంచారు. చివరికి మామ భార్య ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టింది. కార్డు చిన్నమ్మ చేతికి వచ్చింది.

"ఏం చేస్తవమ్మా దీన్ని?" అన్నాడు పెద్దయ్య.

"నాకెందుకు? అమ్మగారికి," అంది చిన్నమ్మ. "సండే స్కూల్ల పిల్లలు సముద్రం ఎట్లుంటదమ్మగారూ అని అడిగితే, జూరాల డ్యాము లెక్కనే ఉంటది, జర పెద్దగ అని చెప్తుంటది. అమ్మగారు గానీ, అయ్యగారు గానీ సముద్రం చూడనే లేదు. పోయి చూసి రానియ్యి."

అమ్మగారు మా పాస్టరు అయ్యగారి భార్య. పెళ్ళై వచ్చిన దగ్గర నుంచి ఆమె ఊరు దాటి పడుకున్నదంటే మహాసభల పందిళ్ళలో, కింద పరిచిన పట్టాల మీదే. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ మాట వినగానే ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. నేను నా నిద్ర ఇంత పనికొచ్చిందా అని పొంగిపోతున్నాను. సరిగ్గా అప్పుడు ట్రాక్టరు మామ, పాట పోయిన కోపంలో నోరు జారాడు.

"అయ్యగారు గాడికెట్ల పోతడే? గది జూదం ఆడే హోటలు! కింద జూదం, మీద పడకలు!"

అందరి తలలూ అటు తిరిగాయి. అందరికంటే మెల్లగా, అందరికంటే పూర్తిగా తిరిగింది మామ భార్య తల.

"నీకెట్ల తెలుసు?"

"అంటే... చెప్తుంటరు గద..."

"మొన్న మిరపకాయ లోడు గుంటూరు యార్డుకు తీసుకపోయినవా, ఇంకేడికన్న తీసుకపోయినవా?"

కోడి తప్ప అందరూ నవ్వారు. నవ్వనివారు ఇంకొకరు, అయ్యగారు. శిలువ దగ్గర సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేయడం మీద ప్రసంగం చేసి చేసి, ఊళ్ళో పేకముక్క కనబడకుండా చేసిన మనిషి ఆయన. బల్ల దగ్గరికి వచ్చి, కార్డును వేలితో నా వైపు తోశారు. "ప్రేమతోని ఇచ్చిండ్రు, సంతోషం. కానీ జూదశాల గడప నేను తొక్క," అన్నారు. నేను భూమిలోకి కుంగిపోయాను. రంగులరాట్నం అనుకున్న చక్రం అప్పుడు నా కళ్ళ ముందు నిజంగానే తిరిగింది.

చిన్నమ్మ ఊరుకోలేదు. "దానియేలు బబులోనుల బతికిండు గద అయ్యగారూ? బబులోను దానియేలులకు వచ్చిందా?"

"దానియేలును పట్టుకపోయిండ్రు. పాయింట్లు పెట్టి పోలే," అన్నారు అయ్యగారు.

ఈ జవాబుకు తగిన వాక్యం కోసం పెద్దయ్య బైబిలు పేజీలు తిప్పసాగాడు. అప్పుడు అమ్మగారు కొంగు తీసి, నెమ్మదిగా అడిగింది. "ఇన్నేండ్ల సంది నేను పిల్లలకు పడవ కథ చెప్పుకుంట, తుఫాను కథ చెప్పుకుంట, జూరాల చూపిచ్చి సముద్రమంటున్న. అది అబద్ధమా కాదా, మీరే చెప్పుర్రి."

 అయ్యగారు కార్డు వదిలి ఆమె వైపు తిరిగారు. సండే స్కూలు అబద్ధం మీద నడుస్తోందా అన్న ప్రశ్న ఆయనకు జూదం కంటే పెద్దది.  తర్వాతి ఆదివారం ఆయన నన్ను పిలిచి, వస్తామన్నారు, ఒక షరతుతో. "హోటల్ల నేను కండ్లు మూసుకొని నడుస్త. నన్ను రూము దాక పట్టుకపోవుడు నీ బాధ్యత."

మాకింకా తొలకరి పడలేదు. గద్వాలలో రైలెక్కి, గుంతకల్లులో మారి, కన్నడ మాటల మధ్య కూర్చుని, అమ్మగారు మూట కట్టిన సజ్జ రొట్టెలూ పల్లికారమూ తింటూ కొండలు దిగేసరికి ఆకాశం చిల్లు పడినట్టు వాన. హోటలుకు చేరేసరికి ముగ్గురం తడిసిన కోడిపిల్లల్లా ఉన్నాం. కౌంటరులో అమ్మాయి నా పేరు చూసి, నవ్వి, గదులు ఇచ్చి, అమ్మగారి చేతిలో రెండు గుండ్రటి బిళ్ళలు పెట్టింది. మామూలు దారి వాన వల్ల మరమ్మత్తులో ఉంది, లిఫ్టుకు హాలులోంచి వెళ్ళమంది.

"కండ్లు మూస్తున్న," అన్నారు అయ్యగారు, నా భుజం పట్టుకుని. ఆయన చొక్కా చివర పట్టుకుని అమ్మగారు.

హాలు గుమ్మం దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి నిలబడ్డాడు. పెద్ద మీసం, మెడలో సన్నటి శిలువ. అమ్మగారు ఆయన్ని చూసి ఆగింది. బీచుపల్లి గుడి ముందు బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా ఆమె చూసేది, చెప్పులు విడిస్తే గుండ్రటి బిళ్ళ ఇవ్వడం. ఇక్కడ పాపం ముందే ఇచ్చారు కాబోలనుకుని, తన చెప్పులు విడిచి, అయ్యగారి చెప్పులు విడిపించి, బురద చెప్పులూ రెండు బిళ్ళలూ కలిపి ఆ మీసాల మనిషి చేతిలో పెట్టింది. అవి జూదమాడుకోమని హోటలు ఉచితంగా ఇచ్చిన బిళ్ళలని నాకు కూడా ఆ తర్వాతే తెలిసింది. ఆ మనిషి చెప్పుల వైపు, ఉత్త కాళ్ళతో కళ్ళు మూసుకుని తడుముకుంటూ నిలబడ్డ అయ్యగారి వైపు చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది. చెప్పులు ఒక చేత్తో, అయ్యగారి మోచేయి మరో చేత్తో పట్టుకుని, "నిదానంగా, తాతా, ఇటు రండి," అని హిందీలో అంటూ నడిపించసాగాడు. గుడ్డివాడనుకున్నాడన్న సంగతి నాకు అర్థమైంది కానీ, హాలు మధ్యలో దాన్ని హిందీలో సరిదిద్దేంత ధైర్యం, వ్యాకరణం నా దగ్గర లేవు.

సగం దూరం వెళ్ళాక అమ్మగారు వెనక నుంచి, "అయ్యో," అంది.

"ఏమైంది?" అన్నారు అయ్యగారు, కళ్ళు తెరవకుండా.

"ఏం లే. నేనేందో నవ్వుకుంట, తాగుకుంట ఉంటరనుకున్న. ఒక్కరి మొకంల నవ్వు లేదు. దవాఖాన ముంగట కూసున్నోళ్ళ లెక్క ఉన్నరు పాపం, లోపటికెళ్ళి డాక్టరు ఏం చెప్తడో అని."

అయ్యగారు నిలిచిపోయారు. కళ్ళు తెరిచారు. బల్లల చుట్టూ వంగిన ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూశారు. "గీళ్ళ మీద ఎన్ని ప్రసంగాలు చేసిన," అన్నారు మెల్లగా. "ఒక్కసారన్న చూడకపోతి."

దబ్బుమని చప్పుడైంది. మీసాల మనిషి చేతిలోంచి చెప్పులు జారి కార్పెట్ మీద పడ్డాయి. ఆయన నుదుటి నుంచి రొమ్ముకు, భుజం నుంచి భుజానికి శిలువ గుర్తు వేసుకుని, రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాతి రెండు రోజులు ఆ హోటల్లో మాకు జరిగిన మర్యాద ఏ మహాసభలోనూ జరగలేదు. మీసాల మనిషి చెప్పగా, ముందు దుప్పట్లు మార్చే ఆడవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. తర్వాత మోకాళ్ళ నొప్పులున్న వంటాయన. అయ్యగారు ప్రతి ఒక్కరితోనూ మొదటి నుంచీ ఒకటే మాట. "నేను గుడ్డోణ్ణి గానయ్యా! ఊకెనే మూసుకున్న!" స్వస్థత పేరుతో మోసం చేసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. ఇప్పుడు తానే ఆ వరసలో నిలబడ్డానని పరేషాన్. నేను దాన్ని నాకొచ్చిన హిందీలో చెప్పేవాణ్ణి. వాళ్ళు వినేవాళ్ళు, ఎంత వినయం అన్నట్టు తల ఊపేవాళ్ళు, ప్రార్థనకు తల వంచేవాళ్ళు. వంచిన తల మీద చెయ్యి పెట్టకుండా పంపడం అయ్యగారికి చేతకాదు. చివరికి జూదం ఆడుతున్న ఒకాయనే వచ్చి, గెలవాలని ప్రార్థన చేయమన్నాడు. అయ్యగారు తెలుగులో, గట్టిగా, కన్నీళ్ళతో, "ప్రభువా, ఇతనికి ఇప్పుడే ఇంటికి పోయే బుద్ధి పుట్టియ్యి, ఇతని భార్యాపిల్లలు ఎదురు చూస్తుండ్రు," అని వేడుకున్నారు. వచ్చినాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పరమ సంతోషంగా ఆమెన్ చెప్పి, మెట్లు దిగిపోయాడు. (వాకిట్లో పెట్టెతో ట్యాక్సీ ఎక్కుతూ కనిపించిన మనిషి ఆయనే అని అమ్మగారు అంటుంది. నాకు అంత గట్టిగా గుర్తు లేదు.)

ఇన్నింటి మధ్య సముద్రం మాత్రం లేదు. మా గది కిటికీ తెరిస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు. బయట వాన తెర. బయలుదేరదామంటే తలుపు మీద ఎవరో ఒకరు. అమ్మగారు మంచం చివర కూర్చుని, ట్యాంకు వైపు చూస్తూ ఉండేది. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఆఖరి పొద్దున, రైలుకు ఇంకా టైముండగా, కిందకు పోయి మీసాల మనిషిని పట్టుకుని, గుడ్డితనం లేదు, అద్భుతం లేదు, వీళ్ళు వచ్చింది సముద్రం కోసం, ఇంకా చూడలేదు అని మొత్తం చెప్పేశాను. ఈసారి చేతులతో కూడా చెప్పాను. ఆయన అంతా విని, మీసం కింద నుంచి నవ్వడం మొదలుపెట్టి, గోడ పట్టుకుని నవ్వి, తన పాత జీపు తాళాలు తీశాడు.

సముద్రం కనిపించకముందు వినిపించింది. అమ్మగారు నా మణికట్టు పట్టుకుంది. ఇసుక దిబ్బ ఎక్కాక, అది ఒక్కసారిగా ముందుంది, బూడిద రంగులో, లేచి, విరిగి, మళ్ళీ లేచి. చివర ఎక్కడా ఒడ్డు లేదు. గాలికి అయ్యగారి పంచె ఒళ్ళంతా చుట్టుకుంది. 

"పాపం పేతురు," అన్నారు చివరికి అయ్యగారు. "నీళ్ళ మీద రెండడుగులేసి భయపడ్డడని ఆయన్ను మస్తు తిట్టిన. నేనైతే పడవనే ఎక్కకపోతుంటి."

అమ్మగారు చెప్పులు విడిచి (ఈసారి ఎవరి చేతికీ ఇవ్వకుండా) నీళ్ళ దాకా పోయింది. అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపితే చిన్నపిల్లలా అరిచింది. అంత గట్టిగా ఆమె అరవగలదని అయ్యగారికే తెలియదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. పిల్లలకు చూపించడానికి ఒక సీసాలో నీళ్ళు పట్టుకుందామా అన్నాను. "ఎందుకు? వాళ్ళకు జూరాలనే చెప్త," అంది, కళ్ళు అలల మీంచి తిప్పకుండా. నాకప్పుడు అర్థం కాలేదు.

అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నా పాయింట్లు నేను కాదు, నా పిల్లలు చూసుకుంటారు. ఏ ఊళ్ళో ఏ హోటలు, దాని కింద ఏముందో కూడా ముందే చూసి చెబుతారు. ఆ మధ్య సండే స్కూలు పాఠం చెప్పే వంతు నాకొస్తే, సిద్ధపడుతూ పాత మ్యాపు తీశాను. ప్రభువు తుఫానును గద్దించిన ఆ గలిలయ సముద్రం, తీరా చూస్తే, నాలుగు వైపులా ఒడ్డున్న మంచినీళ్ళ సరస్సు. ఉప్పు లేదు. ఒక ఒడ్డు నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనబడుతుందట. అచ్చం జూరాల లాగే, జర పెద్దగా.

ఆ మ్యాపు పట్టుకుని అమ్మగారి దగ్గరికి పోయాను. అయ్యగారు అరుగు మీద కునుకు తీస్తున్నారు. ఆమె పల్లికాయ ఒలుస్తోంది. గొంతు తగ్గించి అడిగాను. "అమ్మగారూ, మీరు పిల్లలకు చెప్పింది అబద్ధం గానే గాదు గద?"

"గాదు," అంది ఆమె, తల ఎత్తకుండా. "గా మ్యాపు మందిరంల గోడకే ఉండె. రోజు ఊడ్చేదాన్ని, నాకు తెల్వదా?"

"మరి ఆ రోజు అందరి ముంగట అబద్ధమని..."

"అబద్ధమని నేనన్ననా బిడ్డా? అబద్ధమా కాదా, మీరే చెప్పుర్రి అన్న." ఒలిచిన పల్లికాయలు నా చేతిలో ఇన్ని పోసింది. "అయ్యగారికి జెప్పకు. ఆయనింకా పేతురుకు క్షమాపణ చెప్పుకుంటనే ఉన్నడు."

ఆ పల్లికాయలు నములుతూ ఇంటికి నడిచాను. సంఘానికి మొదటి పంట నేనే ఇచ్చానని, ఆమెకు సముద్రం నేనే చూపించానని ఇన్నేళ్ళూ లోలోపల ఛాతీ విరుచుకుని తిరిగిన ఆ సీడు కంపెనీ కుర్రాడు గుర్తొచ్చాడు. జేబులో ఏ తలుపూ తెరవని ఒక తెల్ల కార్డు, ముఖం నిండా మనస్సాక్షి. భుజం పట్టుకుని కళ్ళు మూసుకున్న అయ్యగారితో పాటు, ముందు నడిచిన తనూ ఏమీ చూడకుండానే నడిచాడని వాడికి ఇప్పటికి తెలిసింది. ఆ వరసలో చివర, చొక్కా అంచు పట్టుకుని వచ్చిన ఆమె ఒక్కతే కళ్ళు తెరుచుకుని నడిచింది.